ఇరవై ఆరు మాత్రలూ ఒక పావు

జూన్ 24, మంగళవారం

ఈ రోజు అయినవి: బట్టలు రెండు బకెట్లు. హాల్లో కర్టెన్లు దించి, ఉతికి, తడిగానే మళ్ళీ తగిలించాను. స్టవ్ బర్నర్ల కన్నాలు సూదితో పొడిచి శుభ్రం చేశాను. మీ బావ కోటుకి లోపలి జేబు కుట్టాను. క్లినిక్‌కి వెళ్ళి మన చిన్నవాడు గుండీకి వారం మందు తెచ్చాను, లైన్లో గంటా పది నిమిషాలు. మిగిలింది నీకు ఉత్తరం.

తమ్ముడూ,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. డ్యూటీ ఎక్కేటప్పుడు నీ ఫోను జైలు గేటు దగ్గర పెట్టెలో పెట్టేస్తావు, దిగాక నిద్రపోతావు. పైగా మాది రెండు గదుల ఇల్లు. గుండీ గురించి నీతో మాట్లాడాలంటే ముందు గుండీని బయటికి పంపాలి. ఎందుకు పంపుతున్నావని అడుగుతాడు. కాయితం అయితే ఎవరూ అడగరు.

వాడు బాగున్నాడు. ముందు అదే రాస్తున్నాను, నువ్వు ఉత్తరాలు మధ్యలోంచి చదువుతావని నాకు తెలుసు. క్లినిక్ మందు మొదలుపెట్టి ఎనిమిది నెలలు నిండాయి. ఒక్కసారి కూడా మత్తు సూది జోలికి పోలేదు. లిఫ్టుల కంపెనీ వాళ్ళు ఇప్పుడు పదకొండు బిల్డింగులు అప్పగించారు, వాడికీ వాడి జోడీ మెకానిక్‌కీ కలిపి. ఆ మెకానిక్‌ని అందరూ పొడుగాయన అంటారు. తలుపు దగ్గర తల తగలకుండా వంగీ వంగీ అలవాటై, తలుపు లేని చోట కూడా వంగుతాడు. అతనూ ఒకప్పుడు మనవాడితో కలిసి సూది పొడుచుకున్నవాడే. మానేశానంటాడు, నిజమో కాదో. క్లినిక్‌కి మాత్రం రాడు. కార్డు మీద పేరు రాస్తే పోలీసులకి వెళ్తుందని భయం.

అక్కడ అలాంటిదేమీ లేదు. ఆసుపత్రి వెనక వరండా, పదహారు కుర్చీలు. షుగరు వాళ్ళూ, బీపీ వాళ్ళూ, మనవాడి లాంటి వాళ్ళూ ఒకే లైను. నర్సు కేకేస్తే వీధి చివరికి వినపడుతుంది, కానీ నంబరే పిలుస్తుంది, రోగం పిలవదు. మనది నూట పన్నెండు. మొదట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకు కూర్చునేదాన్ని. ఇప్పుడు పక్కావిడతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతున్నాను.

మందు రోజుకి మూడు మాత్రలు. దాచుకోకుండా, ఇంకొకరికి అమ్మకుండా, నన్నే పొడి చేసి ఇవ్వమన్నారు. చెంచా వెనక్కి తిప్పి నూరి వాడి నాలుక కింద వేస్తాను. కరిగేదాకా పది నిమిషాలు నోరు మెదపకూడదు. అమ్మ పోతూ మనిద్దరికీ అప్పగించిన ఈ తమ్ముడు ముప్ఫై ఐదేళ్ళలో పది నిమిషాలు నోరు మూసుకోవడం నేనిప్పుడే చూస్తున్నాను. మీ బావ సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే వాడితో రాజకీయాలు మాట్లాడతారు. ఎదురు చెప్పలేడు కదా.

ఇక అసలు సంగతి. ఈ మందు ఎన్నాళ్ళు అని ఈ రోజు డాక్టరుని అడిగాను. "షుగరు మాత్ర ఎన్నాళ్ళని అడుగుతారా అమ్మా? అవసరమున్నన్నాళ్ళు. ఏళ్ళు పట్టొచ్చు. తగ్గించాల్సినప్పుడు మేమే తగ్గిస్తాం" అన్నారు. నాకు మింగుడు పడలేదు. నా చేతిలో ఏ పనికైనా ఒక ఆఖరు రోజు ఉంటుంది. మీ బావ టీ గుర్తుందా? రెండు చెంచాల చక్కెరతో తాగేవారు. ఆయనకి తెలీకుండా నెలకి అర చెంచా చొప్పున తగ్గించాను. నాలుగు నెలల్లో సున్నా. "నీ చేతి టీలో ఆ తీపే వేరు" అని ఈ రోజుకీ అంటారు.

నువ్వు రోజూ ఇలాంటి వాళ్ళని చూస్తావు. నీ మాట ఏమిటో రాయి.

మరదలి మోకాలు ఎలా ఉంది?

అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం మొదటి నుంచే చదివాను. బట్టలు రెండు బకెట్లని తెలుసుకున్నాను.

గుండీ బాగున్నందుకు సంతోషం. అడిగావు కాబట్టి చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఒక మత్తు మానిపించడానికి ఇంకో మత్తు ఏమిటి? అదీ నర్సు సంతకంతో, నీ చేత్తో. భుజం విరిగినప్పుడు ఆసుపత్రిలో నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్‌తో మొదలైందనీ, అది వాడి తప్పు కాదనీ అంటావు. సరే, మొదలు వాడిది కాదు. ఆ తర్వాతది ఎవరిది?

మా దగ్గరికి ఏటా ఇలాంటి వాళ్ళు వంద మంది వస్తారు. ఏ మాత్రా ఇవ్వం. నాలుగు రోజులు కక్కుతారు, గోడలు తంతారు, చచ్చిపోతున్నామంటారు. ఐదో రోజు లేచి రొట్టె అడుగుతారు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. మూడేళ్ళ కిందట గుండీ జైల్లో ఐదు నెలలున్నాడు. వేరే జైలే అనుకో. ఒక్క మాత్ర లేకుండా ఉన్నాడా లేదా?

బయటికొచ్చిన తొమ్మిదో రోజే సూది పొడుచుకుని చావు దాకా వెళ్ళాడు కదా అంటావు. అప్పుడు ఒంటరిగా గదిలో ఉన్నాడు. ఇప్పుడు నీ ఇంట్లో ఉన్నాడు. మన ఊరి బయట మా రిటైరైన హెడ్ వార్డరు ఒక హోమ్ నడుపుతున్నాడు. తలుపుకి తాళం, అంతే వైద్యం. అడ్రసు చీటీ పెడుతున్నాను.

నీ మరదలి మోకాలు అలాగే ఉంది. నా ఖాకీ చొక్కా గుండీ ఊడిపోయింది. సూపరింటెండెంటు పెరేడ్‌లో చూసి, "ఖైదీల సంగతి తర్వాత, ముందు నీ గుండీలకి కాపలా కాయవయ్యా" అన్నాడు. మనవాడికి చెప్పు, నాలుగేళ్ళప్పుడు నా స్కూలు చొక్కా గుండీ మింగి పేరు తెచ్చుకున్నవాడు ఇంకా నాకొకటి బాకీ ఉన్నాడని. మూడో రోజు నువ్వు వెతికి, కడిగి ఇచ్చావు, కాదనను. అది నేను కుట్టించుకుంటానా?

నీ తమ్ముడు


జూలై 8, మంగళవారం

అయినవి: బట్టలు ఒక బకెట్. కిటికీ అద్దాలు ఆరు. మీ బావ కళ్ళజోళ్ళ కొట్టుకి తుడిచే గుడ్డలు ముప్ఫై కత్తిరించి అంచులు కుట్టాను. క్లినిక్, యాభై నిమిషాలు. గుండీల డబ్బా కింది అలమరలోంచి పై అలమరలోకి మార్చాను.

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. ప్రతిసారీ "నీ చేత్తో" అన్న మాట దగ్గర ఆగాను.

ఒక పని మొదలుపెట్టాను. వారానికి ఒక మెట్టు చొప్పున పన్నెండు మెట్లు. మొదటిది అయింది, ఈ రోజు రెండోది. వాడికి తెలీదు, తెలిస్తే ఒప్పుకోడు. మీ బావకీ చెప్పలేదు. సెప్టెంబరు ఆఖరికి పూర్తవుతుంది, అప్పుడు లెక్కంతా చూపిస్తాను. ముందే చెప్పి తర్వాత కాకపోతే నాకు నచ్చదు.

గుండీ బాకీ సంగతి వాడికి చెప్పాను. "వడ్డీతో కలిపి చొక్కాయే కుట్టిస్తానని చెప్పు అన్నకి" అన్నాడు. ఆ పక్కనే పొడుగాయన టీ తాగుతూ కూర్చున్నాడు. "మింగింది ఎంత సైజు?" అని అడిగాడు చాలా సీరియస్‌గా. వాళ్ళిద్దరూ ఉంటే ఇల్లు సందడిగా ఉంటుంది.

మెట్ల మీద పై వాటా కుట్టుమిషన్ ఆవిడ ఎదురై పలకరించింది. నేను పలకలేదు. మూడేళ్ళ కిందట పోలీసులు గుండీ గది మీద పడింది ఆవిడ చెప్పబట్టే కదా. అప్పట్లో ఎదురు వీధిలో వాడి గదికి ఎవరొచ్చినా పోయినా ఆవిడ కిటికీలోంచే కనపడేది. మొహం చూస్తే ఏమీ ఎరగనట్టే ఉంటుంది.

అక్క


జూలై 14

అక్కా,

నువ్వు దాచినా అర్థమైంది. హోమ్ వాళ్ళతో మాట్లాడుతున్నావు. పన్నెండు వారాలు ఆగాలని ఆ హెడ్ వార్డరు నాతో కూడా అన్నాడు. మంచి పని చేశావు. వాడికి ముందే చెప్పకపోవడం ఇంకా మంచిది.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఇలాంటి వాళ్ళు గాలి మారితే పసిగడతారు. ఒళ్ళు నొప్పులంటాడు, నిద్ర పట్టడం లేదంటాడు, మందు సరిపోవడం లేదంటాడు. కరగకు. నేను రోజూ వినేవే అవి. మొదలుపెట్టింది మధ్యలో ఆపితే మొదలుపెట్టనట్టే.

ఇక్కడ ఎండలు. బ్యారక్‌లో ఆరు ఫ్యాన్లలో రెండే తిరుగుతున్నాయి.

నీ తమ్ముడు


జూలై 27, ఆదివారం

అయినవి: బట్టలు మూడు బకెట్లు, గుండీ దుప్పట్లు చెమటకి రోజూ మార్చాల్సి వస్తోంది. అంట్లు. ఇంకేమీ చెయ్యలేదు.

తమ్ముడూ,

నువ్వు అనుకున్న హోమ్ సంగతి కాదు, వేరే. అయినా నువ్వు రాసింది పనికొచ్చింది. నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటీ వరసగా వచ్చాయి.

రెండో వారం నుంచి ఆవలింతలు. ముక్కు కారడం. మూడో వారం నడుము నొప్పి, కాళ్ళు మంచం మీద తన్నుకోవడం. ఈ ఎండల్లో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. బుధవారం పనిలో పానా చేతిలోంచి జారి లిఫ్టు గుంటలో పడిందట, కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మొన్న మందు వేశాక పది నిమిషాలూ కూర్చుని, అయ్యాక అడిగాడు.

"అక్కా, ఇది పాత సరుకా?"

"తేదీ చూసే తెచ్చాను. ఏం?"

"ఇదివరకు మధ్యాహ్నం దాకా గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు పది గంటలకే గుర్తొస్తోంది."

"ఏది?"

"ఏదో నీకు తెలుసు కదా" అన్నాడు. లేస్తూ, "మందులో తేడా లేదంటే తేడా నాలోనే ఉన్నట్టు. డాక్టరుని అడిగి కాస్త పెంచమంటాను" అన్నాడు.

డాక్టరు సెలవులో ఉన్నారని చెప్పాను. సెలవులో లేరు. మంగళవారం నేను చూశాను.

తమ్ముడూ, నేను కరగలేదు. ఇరవై ఏడు రోజులు అయ్యాయి. కానీ వాడు నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగాడు, అడక్కుండానే. ముక్కలన్నీ ఒకే సైజు. "నీకు మాటిచ్చాను కదక్కా, నిలబెట్టుకుంటాను" అన్నాడు. ఉల్లిపాయలు కాబట్టి ఇద్దరం కళ్ళు తుడుచుకున్నా ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇది ఇలాగే ఉంటుందా? ఐదో రోజు తేరుకుంటారన్నావు. నా లెక్కలో ఐదో రోజు ఎప్పుడో ఆ పన్నెండు వారాలూ అయితే గానీ తెలీదు.

అక్క


ఆగస్టు 8

తమ్ముడూ,

బతికే ఉన్నాడు. ముందు అది చదువు.

సోమవారం, నాలుగో తేదీ, మధ్యాహ్నం. ఏడంతస్తుల బిల్డింగు పైన లిఫ్టు మోటారు ఉండే గది. గుండీ, పొడుగాయన అక్కడ పనిలో ఉన్నారు. భోజనం టైములో వాడు కిందికి దిగి ఎక్కడికో వెళ్ళి వచ్చాడట. ఇదివరకు పొడుచుకునేంతే పొడుచుకున్నాడు. తొమ్మిది నెలల్లో ఒంటికి ఆ అలవాటు పోయిందని వాడికి తట్టలేదు. పెదవులు నీలంగా మారాయి. పొడుగాయన మొహం మీద నీళ్ళు కొట్టాడు, చెంపలు వాయించాడు, నోట్లో నోరు పెట్టి ఊదాడు. ఊపిరి వస్తూ పోతూ ఉంది. అంబులెన్స్‌కి మాత్రం నలభై నిమిషాల తర్వాత ఫోన్ చేశాడు. అంబులెన్స్ వెనకాలే పోలీసులు వస్తారని. నిజంగానే వచ్చారు. అతని జేబు వెతికారు, ఒక పొట్లం దొరికింది, పట్టుకుపోయారు. ఏ జైల్లో పెట్టారో తెలీదు.

గుండీ రెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు, మాట్లాడుతున్నాడు. ఎడమ చెయ్యికి పట్టు లేదు. గాలి అందక మెదడులో ఎక్కడో దెబ్బతిందట, పట్టు వస్తుందో రాదో ఆరు నెలలు పోతే గానీ చెప్పలేమన్నారు. మంచం పక్కన ఒక కానిస్టేబుల్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వాడికి గ్లాసు అందించాలన్నా ఆయన మోకాళ్ళు దాటి వెళ్ళాలి.

ఇప్పుడు నేను చేసింది రాస్తాను. జూలై ఒకటి నుంచి వాడి మందు తగ్గించాను. మొదటి వారం రోజుకి పావు మాత్ర, రెండో వారం అర, మూడో వారం ముప్పావు, నాలుగో వారం ఒకటి, ఐదో వారం ఒకటింపావు. టీలో చక్కెర తగ్గించినట్టు. పొడి చేసి ఇస్తాను కాబట్టి వాడికి కనపడలేదు. తీసినవి పారెయ్యలేదు, గుండీల డబ్బాలో అడుగున కాయితం చుట్టి పెట్టాను. నిన్న లెక్కపెట్టాను. ఇరవై ఆరు మాత్రలూ ఒక పావు.

డాక్టరు మేమే తగ్గిస్తాం అన్నారు. విన్నాను. అయినా చేశాను.

ఎవరికీ తెలీదు. వాడు ఏమనుకుంటున్నాడో తెలుసా? ఈ రోజు పొద్దున్న అన్నాడు, "ఆ మందు అందరికీ పనిచేస్తుంది, నాకే పనిచెయ్యలేదక్కా. నా రకమే అంత. ఇంక క్లినిక్‌కి తీసుకెళ్ళకు" అని. కార్డు అడిగి తీసుకుని, కుడి చేత్తో, పళ్ళతో పట్టుకుని రెండు ముక్కలు చేశాడు. మందు లేకుండా ఇంటికొస్తే మళ్ళీ అదే జరుగుతుందనీ, రెండోసారి బతకడనీ డాక్టరు నాతో విడిగా చెప్పారు.

నిజం చెప్తే వెళ్తాడేమో. చెప్తే నా మొహం చూడడేమో. వాడికి నేను తప్ప ఇల్లు లేదు. ఏం చెయ్యమంటావు?

అక్క


ఆగస్టు 13

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివాక నీ జూన్ ఉత్తరం కూడా తీసి చదివాను, ఆ మనిషి గురించి రాసిన చోట.

ఈ నెల ఆరో తేదీన మీ ఊరి నుంచి వ్యాన్‌లో ఏడుగురు వచ్చారు. అక్కడ నిండితే మా దగ్గరికే పంపుతారు. గేటు రిజిస్టరు నాది. ఆరో మనిషి పొడుగు. మా పెద్ద గేటు పన్నెండు అడుగులు, దాని కింద కూడా వంగి వచ్చాడు. "మీద పడుతుందనా అలా వంగుతున్నావు?" అన్నాను. అందరూ నవ్వారు. "అలవాటు సార్" అన్నాడు అతనూ నవ్వుతూ.

మర్నాటికి కక్కడం మొదలైంది. మానేశాననడం అబద్ధం, మానలేదు. మూడో రోజుకి నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. ఆసుపత్రికి పంపమన్నాడు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ చెప్పేదే అతనికీ చెప్పాను, నాలుగు రోజులు ఓర్చుకోమని. బయట క్లినిక్‌లో ఏదో మాత్ర ఇస్తారట, అది ఇవ్వమన్నాడు. మా కాంపౌండరు లిస్టు తిరగేసి, అందులో లేదన్నాడు. నాకు ఆ మాత్ర ఏమిటో తెలుసు. నీ ఉత్తరాల్లో చదివాను. నేనేమీ అనలేదు.

నాలుగో రోజు కటకటాల దగ్గర కూర్చుని నాతో మాట్లాడాడు. ఏం కేసు అని అడిగాను. "అంబులెన్స్‌కి ఫోన్ చేశాను సార్" అన్నాడు. "అదేం కేసు?" అన్నాను. "లేటుగా చేశాను సార్. నంబరు నొక్కి చెరిపేశాను, ఐదారు సార్లు. ముందే చేసుంటే వాడు బాగుండేవాడు. అసలు చెయ్యకపోయుంటే నేను బాగుండేవాణ్ణి. మధ్యలో చేశాను" అన్నాడు. వాడు అంటే ఎవరో నేను అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేవాణ్ణో నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను.

ఐదో రోజు పొద్దున్న లెక్కకి లేవలేదు. ఒంట్లో నీరంతా పోయి గుండె ఆగిందని రాశారు. ఐదో రోజు లేచి రొట్టె అడుగుతారని నీకు రాశాను కదా. అతని రొట్టె పళ్ళెంలో పక్కనే ఉంది. లెక్క తప్పకుండా పెట్టారు. రిజిస్టరులో అతని వరసకి ఎదురుగా నేనే గీత కొట్టాను.

ఇంకొకటి. మూడేళ్ళ కిందట పోలీసులకి ఫోన్ చేసింది కుట్టుమిషన్ ఆవిడ కాదు. నేను. లోపల ఉంటే బాగుపడతాడనుకున్నాను. ఆవిడ మీద నువ్వు అనుమానపడుతుంటే నాకు సులువుగా ఉండి ఊరుకున్నాను.

నువ్వు గుండీకి నీ సంగతి చెప్పకు. నేను చెప్పినట్టే చేశావు కదా, నా పేరు చెప్పు. మందు తగ్గించమన్నది అన్నే అను, క్లినిక్‌కి వెళ్తాడు, నీ ఇంట్లోనే ఉంటాడు. నేను ఎలాగూ దూరంగా ఉన్నాను. నా మీద ఇంకొకటి పడితే ఏం?

నీ తమ్ముడు


ఆగస్టు 24, ఆదివారం

అయినవి: బట్టలు ఒక బకెట్. గుండీ గచ్చు మీద ఒలకబోసిన టీ తుడిచాను. క్లినిక్‌కి వెళ్ళలేదు, నాకు అక్కడ పని లేదు. ఉత్తరం.

తమ్ముడూ,

నీ పేరు చెప్పలేదు. నువ్వు అన్నది కరగకు అని. మాత్ర విరిచింది నేను. ఒకరి ఖాతాలోది ఇంకొకరికి రాయడం నాకు చేతకాదు, నువ్వు ఒప్పుకున్నా సరే.

పదిహేడో తేదీన వాణ్ణి ఇంటికి పంపారు. కేసు ఉంది, పిలిచినప్పుడు కోర్టుకి రావాలట. ఆ రోజు చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున్న ముగ్గురం టీ తాగుతుంటే గుండీల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాను. మీ బావని కొట్టుకి వెళ్ళొద్దని ముందే చెప్పాను. గుండీలు ఒక పక్కకీ మాత్రలు ఒక పక్కకీ జరిపి, ఏ వారం ఎంత తీశానో, టీలో చక్కెర తగ్గించినట్టే అని చెప్పాను. డాక్టరు సెలవులో లేరని కూడా చెప్పాను.

వాడు కుడి చేత్తో మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ముక్కలకి ముక్కలు జతచేసి గుండ్రంగా పేర్చాడు. ఆఖరికి ఒక పావు మిగిలింది. పది నిమిషాలు పట్టి ఉంటుంది. మీ బావ లేచి వంటింట్లోకి వెళ్ళారు. చక్కెర డబ్బా తెచ్చుకుని, నా మొహం చూడకుండా, టీలో రెండు చెంచాలు వేసుకుని కలుపుకున్నారు. 

"అయితే అది నేను కాదా?" అన్నాడు గుండీ.

"కాదు. నేను."

"ముప్ఫై ఐదు రోజులు అద్దంలో నన్ను చూసుకుని ఎన్ని తిట్టుకున్నానో తెలుసా అక్కా? నువ్వు పక్కగదిలోనే ఉన్నావు."

తెలుసన్నాను. కొన్ని వినపడ్డాయి కూడా.

తర్వాత పొడుగాయన ఎప్పుడొస్తాడని అడిగాడు. అదీ చెప్పాల్సి వచ్చింది, నీ గేటు దగ్గర జరిగిందంతా. వాడు చాలాసేపు ఆ పావు ముక్కని గోటితో బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. "వాడు నన్నే చూస్తూ వచ్చాడక్కా" అన్నాడు. "'ఏడాది నువ్వు బాగుంటే నేనూ కార్డు రాయించుకుంటా' అన్నాడు. మూడు నెలలే మిగిలాయి." ఈ లెక్క నా పుస్తకంలో ఏ పేజీలో రాయాలో నాకు తెలీదు. రాసినా కింద గీత గీసే వీల్లేదు.

మాత్రలు సంచిలో వేసుకుని లేచాడు. తోడు వస్తానన్నాను. "వస్తే రా, పక్కన నడవకు" అన్నాడు. పది అడుగుల వెనక నడిచాను. చిరిగిన కార్డుకి టేపు అంటించి క్లినిక్‌లో ఇచ్చాడు. నర్సు వాడి ముందే నన్ను నిలబెట్టి అడిగింది, "ఆ షుగరావిడ ఇన్సులిన్ కూడా పొదుపు చేస్తారా మీరు?" అని. పదహారు కుర్చీల్లోనూ అందరూ విన్నారు. సంతకం చేసే పుస్తకంలో నా పేరు కొట్టేసింది. ఇకమీదట వాడు రోజూ వెళ్ళి, నర్సు ఎదురుగా కూర్చుని, అక్కడే నాలుక కింద వేసుకోవాలి. మూడు మాత్రలు. ఏడు రోజుల నుంచి వెళ్తున్నాడు.

ఇంట్లోనే ఉంటున్నాడు, ప్రస్తుతానికి. నా చేతి టీ మాత్రం తాగడు. ఒంటి చేత్తో తనే పెట్టుకుంటాడు, సగం గచ్చు పాలవుతుంది. నేను పెట్టి ఇస్తానని ఒకసారి అన్నాను. "ఏం వేశావో ఏం తీశావో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అడిగాడు. మళ్ళీ అనలేదు నేను.

కుట్టుమిషన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. పొరపాటు నాదని చెప్పాను. "ఏం తప్పు చేశానో తెలీక మూడేళ్ళు ఆ కిటికీయే తియ్యలేదండి" అంది. గదంతా చీకటి, పగలే లైటు వేసుకుని కుడుతోంది. నేనే వెళ్ళి ఆ కిటికీ తీసి వచ్చాను. గొళ్ళెం బిగుసుకుపోయి ఉంది.

నువ్వు చేసిన ఫోన్ సంగతి వాడికి చెప్పలేదు, చెప్పను. అది ఉత్తరంలో వచ్చేది కాదు. సెలవు పెట్టి, మా ఇంటికొచ్చి, వాడి ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. మీ కాంపౌండరు లిస్టులో ఆ మాత్ర చేర్చమని ఎవరికి అర్జీ పెట్టాలో కూడా కనుక్కుని రా. డాక్టరు రాసిస్తానన్నారు. నీ గేటులోంచి ఇంకెవరైనా వంగి రాకముందే.

నిన్న సాయంత్రం వాడు గుండీల డబ్బా అడిగాడు. మాత్రలు లేవు కదా అని ఇచ్చాను. బల్ల మీద పోసి వెతికి వెతికి ఒకటి తీశాడు. "అన్నకి పంపు. మింగకుండా కుట్టించుకోమను" అన్నాడు. నవ్వబోయాడు గానీ నా వైపు చూసి ఆపుకున్నాడు. నీ ఫోన్ సంగతి వాడికి ఇంకా తెలీదని గుర్తుపెట్టుకుని తీసుకో.

అక్క

క్లినిక్‌కి తిరిగి అప్పగించినవి: ఇరవై ఆరు మాత్రలూ ఒక పావు. నర్సు లెక్కపెట్టుకుని రసీదు ఇచ్చింది.

ఈ కాయితంలో మడిచి పెట్టింది: ఖాకీ గుండీ, నాలుగు కన్నాలది, ఒకటి. చిన్న తమ్ముడి నుంచి పెద్ద తమ్ముడికి, ముప్ఫై ఒక్క ఏళ్ళ బాకీ. చెల్లు.